పొడుం డబ్బీలో వేగం

మోటారు సైకిళ్లూ జమీందార్లూ కలిసి ఉన్న రోజుల్లో సీతానగరం సంస్థానంలో ఏటా బండి పందేలు జరిగేవి. ఆ ఏడు జమీందారు రాయపరాజు నడిపిన కొత్త బండిని, కుట్టుమిషన్లు బాగుచేసే సైదులు తన పాత టూస్ట్రోక్ బండితో దాటేశాడు. కందిరీగల రొదతో అది పక్కనుంచి దూసుకుపోయిన తీరు జమీందారు చెవుల్లోంచి పోలేదు.

“కంపెనీ ఇవ్వనిదేదీ ఇంజన్లో పెట్టకూడదని నియమం. నువ్వేదో పెట్టావు. దానికా వేగం తెచ్చింది ఏదైనా సరే, నేను తీసేసుకుంటాను” అన్నాడు.

“చిత్తం, విప్పించండి” అన్నాడు సైదులు.

దివాణం మెకానిక్కులు సాయంత్రం దాకా ప్రతి మరా ఊడదీసి చూశారు. కంపెనీది కానిది ఒక్కటీ దొరకలేదు.

“మరా వేగం ఎక్కణ్ణించి వచ్చిందిరా?”

సైదులు రొండిన ఉన్న పొడుం డబ్బీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. లోపల చిటికెడు లోహపు రజను మెరుస్తోంది.

“సిలిండర్లోకి గాలి వచ్చే దారిలో, పొగ పోయే దారిలో ఇది అడ్డుగా ఉండేదండి. ఆర్నెల్లు ఆకురాయితో అరగదీశాను. తమరు నేను పెట్టింది వెతికించారు. నేను చేసిందల్లా తీసేయడమే. తమరు తీసుకుంటానన్నది ఇదేనండి.”

ఆర్నెల్ల పని అరచేతిలో అంతే ఉంది. ఎక్కడ ఎగిరిపోతుందోనని జమీందారు ఊపిరి బిగబట్టాడు.

పందెం కప్పు సైదులింటికి వెళ్లింది. దివాణం బీరువాలో ఆ కప్పుకోసం ఖాళీ చేయించిన చోట ఆ డబ్బీ కూర్చుంది. దాని మూత తెరిచినప్పుడు ఎంతటివాడైనా ముక్కు మూసుకుని నిలబడాల్సిందే.