ఆగస్టు ఇరవై మూడు, మూడో వరుస

"మాస్టారూ, ఊళ్ళో ఇరవై ఎనిమిది మందికి మీ చేత్తో పుట్టినరోజులు కల్పించారు గదా! మా నాన్న కాళ్ళావేళ్ళా పడి అడిగితే, నాకు ఒక్కదానికి తేదీ మార్చలేకపోయారేం?"

సువర్చల ఈ మాట అడిగింది ఆగస్టు ఇరవై రెండు సాయంత్రం, నేలటూరివారిపాలెం గ్రంథాలయం అరుగు మీద. అడిగింది అనేకంటే, ఏళ్ళ తరబడి గొంతులో అడ్డంపడి ఉన్నదాన్ని కక్కేసింది అనడం న్యాయం. అడిగినవాళ్ళకు అక్కడికక్కడే జవాబు చెప్పడం అంకినీడు మాస్టారి ఇంటా వంటా లేదు. బడిలో ఉన్నప్పుడూ అంతే, "ఈ లెక్క ఎందుకు తప్పింది సార్?" అంటే "పోయి చేను కొలిచి రా" అని ఎండలోకి తోలేవారు. ఇప్పుడు ఎనభై అయిదేళ్ళు వచ్చినా బుద్ధి మారలేదు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తీరుబడిగా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"రేపు పొద్దున ఆరింటికి రా అమ్మాయ్. బోర్డు నువ్వే రాయాలి," అన్నారు.

"రేపు నేను రానని మీకు తెలుసుగా మాస్టారూ."

"తెలుసు. నా చెయ్యి సంగతి నీకూ తెలుసు." ఆయన కుడిచెయ్యి ఎత్తి చూపించారు. ఉగాది నుంచి ఆ చెయ్యి ఆగకుండా వణుకుతూనే ఉంది. సువర్చల లేచి ఇంటికి పోయింది.

ఆ బోర్డు సంగతి ముందు చెప్పుకోవాలి. హెడ్మాస్టరుగా రిటైరైన మర్నాటి నుంచి, అంటే ఇరవై ఏడేళ్ళుగా, మాస్టారు గ్రంథాలయం గేటు పక్కన ఒక నల్లబల్ల పెట్టి రోజూ పొద్దున్నే దాని మీద మూడు వరుసలు రాస్తూ వచ్చారు. మొదటి వరుసలో ఆ తేదీన లోకంలో ఏం జరిగిందో ఉంటుంది. రెండోదాంట్లో ఆ రోజు పుట్టిన గొప్పవాళ్ళెవరో ఉంటుంది. మూడో వరుస మాత్రం ఊరిది. "1974: మన ఊరికి మొదటి బస్సు వచ్చింది. ఎక్కినవాళ్ళకంటే చూసినవాళ్ళే ఎక్కువ." ఇట్లాంటివి. మొదటి రెండు వరుసలూ జనం నడుస్తూ చదివేవాళ్ళు, మూడోదాని దగ్గర ఆగేవాళ్ళు. రాజ్యాలు కూలిన సంగతీ పాలెంలో బోరింగు పడిన సంగతీ ఒకే సైజు అక్షరాల్లో రాసిన మనిషి ఆ చుట్టుపక్కల ఏడూళ్ళలో ఇంకొకరు లేరు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ సుద్దముక్క సువర్చల చేతికి వచ్చింది. ఆమె ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లే, ఇప్పుడు అదే ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు.

ఇక పుట్టినరోజుల సంగతి. ఆయన బడిలో పనిచేసే కాలంలో పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రుల్ని "ఎప్పుడు పుట్టాడయ్యా?" అని అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అని ఒకరు, "మా ఎర్రావు ఈనిన నెల" అని ఇంకొకరు చెప్పేవాళ్ళు. రిజిస్టరు గడిలో ఎర్రావును రాయడానికి వీల్లేదు గదా! మిగతా ఊళ్ళ మాస్టర్లు జూన్ ఒకటో జూలై ఒకటో వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. అంకినీడు మాస్టారు మాత్రం ఏడు ఉజ్జాయింపుగా పట్టుకుని, రోజు దగ్గరికి వచ్చేసరికి ఆగస్టు ఇరవై మూడు వేసేవారు. అది టంగుటూరి ప్రకాశం పంతులుగారు పుట్టిన తేదీ. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టరు తిరగేసి, "ఏమండీ, ఇంతమందీ ఆగస్టు ఇరవై మూడునే పుట్టారేం? ఆ రోజు మీ ఊళ్ళో ఏం జరుగుతుందండీ?" అని ఎకసెక్కంగా అడిగితే, "తుపాకీకి రొమ్ము చూపించిన మనిషి పుట్టిన రోజండీ. ఏ రోజూ లేని పిల్లలు ఆయన పక్కన నిలబడితే తప్పా?" అన్నారట. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి పోయాడు.

ఆ ఇరవై ఎనిమిది మంది తేదీలూ కల్పితాలే. కానీ సువర్చల నిజంగానే ఆగస్టు ఇరవై మూడున పుట్టింది. ఆమె పుట్టిన రోజు సాయంత్రమే వాళ్ళమ్మ చెంచమ్మ పోయింది. "తల్లిని మింగి పుట్టింది" అని నాయనమ్మ అనేది. కోపం వచ్చి అనేది కాదు, అన్నం వడ్డిస్తూ మామూలుగా అనేది, అందుకే అది ఎముకల్లోకి దిగిపోయింది. బడి ఫారాల్లో, ఉద్యోగం కాగితాల్లో, ఆధార్ కార్డులో ఆ తేదీ రాసిన ప్రతిసారీ సువర్చలకు ఆ మాటే వినిపించేది. ఏటా ఆ రోజు తలనొప్పి అని చెప్పి తలుపు వేసుకునేది. మాస్టారు ఆ రోజు రెండు వరుసలే రాసి మూడోది ఖాళీగా వదిలేసేవారు. ఈ వేసవిలో తండ్రి ఓబులేసు పోతూ పోతూ, "నీ తేదీ మార్చమని మాస్టారిని ఎంతో బతిమాలానమ్మా, ఆయన ఒప్పుకోలా" అని చెప్పిపోయాడు. అప్పటి నుంచీ ఆమె మనసు కుతకుత ఉడుకుతూనే ఉంది. దేవుడిలాంటి మనిషి, అడ్డమైనవాళ్ళకీ తేదీ దానం చేసినవాడు, తన మీద పడిన ఈ మచ్చ ఒక్కటి ఎందుకు తుడవలేదు?

రాననే అనుకుంది. కానీ తెల్లారేసరికి, ఆ వణికే చేత్తో ఆయన స్టూలెక్కి ఎక్కడ పడతారోనన్న భయం పట్టుకుంది. ఆరింటికల్లా గ్రంథాలయం దగ్గర ఉంది. మాస్టారు స్టూలెక్కలేదు. అరుగు మీద కూర్చుని, ఆమెను చూసి, సుద్దముక్క చేతికిచ్చారు.

మొదటి వరుస రాసింది. "2023: చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మన విక్రమ్ దిగింది." రెండోది రాసింది. "1872: టంగుటూరి ప్రకాశం పంతులుగారు పుట్టారు." మూడో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అప్పుడే వీధి మలుపులో గోల వినిపించింది. యాభై దాటినవాళ్ళూ అరవై దాటినవాళ్ళూ, ఇరవై మంది దాకా ఉంటారు, తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, చంకన స్టీలు డబ్బాలతో వస్తున్నారు. ముందు తాపీమేస్త్రీ ఏసోబు, పక్కన ఇడ్లీ బండి ఆదెమ్మ. సువర్చల తెల్లబోయి చూసింది. ఇన్నేళ్ళూ ఈ రోజు తలుపు వేసుకుని పడుకోవడమే గాని, బయట ఏం జరుగుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"దండాలు మాస్టారూ! మాకు ఇంకో ఏడు వచ్చింది," అన్నాడు ఏసోబు.

"రాకేం చేస్తుంది? కూర్చోండి," అన్నారు మాస్టారు.

డబ్బాలు తెరుచుకున్నాయి. లడ్డూలు, కారప్పూస. ఒకరి నోట్లో ఒకరు కుక్కుకుంటూ, ఒకరి నెరిసిన జుట్టును ఒకరు ఎగతాళి చేసుకుంటూ, ఆ ముసలాళ్ళంతా బడిపిల్లలైపోయారు. ఏసోబు సువర్చల వైపు తిరిగి, "టీచరమ్మా, మా ఇంట్లో ఏడుగురం పుట్టాం. తారీకున్నది నాకొక్కడికే. మా అన్నదమ్ములు కుళ్ళుకునేవాళ్ళంటే నమ్ము! ఉత్తుత్తిదే అయినా నాదంటూ ఒక రోజుంది గదా," అని ముసిముసిగా నవ్వాడు.

ఆదెమ్మ మాత్రం నవ్వలేదు. ఒక లడ్డూ తీసి, బోర్డు పైచెక్క మీద జాగ్రత్తగా పెట్టింది.

"అదెవరికి పిన్నీ?" అంది సువర్చల.

"మీ అమ్మకి. చెంచి వాటా. ముప్పై నాలుగేళ్ళ నుంచీ పెడతన్నా. కాకులు తింటయ్, తిననీ."

సువర్చల సుద్దముక్క వదిలేసి ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ... అమ్మది కూడా ఇదే తేదీనా?"

"ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఎనిమిదోది మీ అమ్మేనే పిచ్చిదానా! మేమిద్దరం ఒకే రోజు బళ్ళో చేరాం. నీకు చెప్పొద్దని మీ నాన్న నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆ పేరు ఎత్తితే తట్టుకోలేకపోయేవాడు, ఏం చేస్తాం. ఇప్పుడు ఆయనా పోయాడు." ఆదెమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని సువర్చల ఎదురుగా నిలబడింది. "నువ్వు భూమ్మీద పడ్డప్పుడు నేను పక్కనే ఉన్నా. మంత్రసాని నిన్ను కడుగుతా ఉంటే, మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని 'ఇయ్యాల తారీకెంతే?' అంది. ఇరవై మూడన్నా. అబ్బ, ఆ నవ్వు చూడాలమ్మా! గోడ మీద క్యాలెండరు తెమ్మంది, పెన్సిలు తెమ్మంది. పడుకునే ఏదో రాసింది. నాకూ చూపించలా, దిండు కింద పెట్టుకుంది."

"మరి సాయంత్రం?"

"మధ్యాహ్నానికి తేడా కొట్టింది. జీపు వచ్చేసరికి అయిపోయింది. సాయంత్రం సంగతి నీకు ఊరంతా చెప్పారు తల్లీ. పొద్దున సంగతి ఒక్కరూ చెప్పలా."

మాస్టారు తన పక్కనున్న పాత నోటుబుక్కు తెరిచారు. ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉన్న పుస్తకం అది. ఆగస్టు ఇరవై మూడు పేజీలోంచి నాలుగు మడతలు పెట్టిన క్యాలెండరు కాగితం తీసి సువర్చలకు అందించారు.

"నిన్ను బళ్ళో వేసిన రోజు మీ నాన్న తెచ్చాడు. 'ఏ తేదీ అయినా వెయ్యండి, ఇది మాత్రం వద్దు' అన్నాడు. ఈ కాగితం ఇంట్లో ఉంచుకోలేనన్నాడు, చింపలేనన్నాడు. తను బతికుండగా నీకు చూపించొద్దన్నాడు. ఉంచాను," అన్నారు.

సువర్చల మడతలు విప్పింది. 1991 ఆగస్టు. ఇరవై మూడో గడిలో పెన్సిలుతో రాసిన గుండ్రటి అక్షరాలు. బోర్డు మీద రోజూ చూసే అక్షరాలే, మాస్టారు దిద్దించిన అక్షరాలే.

"పాప. పొద్దున ఆరుంపావు. నా రోజే."

అమ్మ గొంతు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళలో అమ్మ నుంచి తనకు చేరిన మొదటి మాటలు ఇవి. ఆ కాగితాన్ని గుండెలకు అదుముకుని అక్కడే గేటుకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఏసోబు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, కింద పడిన సుద్దముక్క వెతికి తీసుకుని, మూడో వరుస రాసింది. "1991: పొద్దున ఆరుంపావుకి చెంచమ్మకు ఆడపిల్ల పుట్టింది." అక్షరాలు కొంచెం వంకర పోయాయి. ఆదెమ్మ చదువుకుని, పైచెక్క మీది లడ్డూ తీసి, "ఈ ఏడు కాకులకు లేదు పో," అంటూ సువర్చల నోట్లో పెట్టింది.

సువర్చల లడ్డూ మింగి, ఇంకా సుద్దముక్క వదలకుండా, మాస్టారి వైపు తిరిగింది. "సాయంత్రం జరిగింది కూడా రాయనా మాస్టారూ?"

"మీ అమ్మ రాసిందా?"

"లేదు."

మాస్టారు కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవలేదు.

"నేను వేసింది ఉత్తుత్తి తేదీ అమ్మాయ్. మీ అమ్మ దాన్ని నిజం చేసింది. ఇంక దిద్దడానికి నేనెవర్ని?"