కోనవలస సంతలో బండి షరతు

కోనవలస సంత పక్కన రణభూపతి దొరకి ఖాళీ స్థలం ఉండేది. సంతకొచ్చినవాళ్లు బండ్లు అక్కడే నిలిపేవారు. ఒక ఏడు దొర చెక్క మీద షరతు రాయించి, ఎవరికీ కనబడకుండా గడ్డివాము వెనక కొట్టించాడు: "ఇక్కడ బండి నిలిపితే ఎడ్లు పదిరోజులు దొర పొలం దున్నాలి."

సరిగ్గా దుక్కుల వేళ, బండి అక్కడ నిలిపారని కుమ్మరి సోములమ్మ ఎడ్లని దొర మనుషులు పట్టుకుపోయారు.

"ఆ రాత నేను చూళ్లేదు బాబూ. పైగా బండి తోలింది మా మరిది" అని మొరపెట్టుకుంది.

"చూడకపోతే నాకేం? తోలినవాడితో నాకు పనిలేదు. బండి ఎవరిదైతే వాళ్లదే పూచీ" అన్నాడు దొర.

సోములమ్మ వాదించలేదు. "తమ పేరు చెక్కి పెద్ద గోలెం చేశాను. తమరే వచ్చి చూడాలి" అని దండం పెట్టింది.

పేరనేసరికి దొర పొంగిపోయాడు. మర్నాడే పల్లకీలో ఆమె దొడ్లోకి వచ్చాడు. గోలెం వెనక, గోడ మీద బొగ్గురాత కనబడింది: "ఈ దొడ్లోకి వచ్చినవాళ్లు పదిరోజులు కుండల మట్టి తొక్కాలి."

దొర మొహం మాడిపోయింది. "నేనెక్కడ వచ్చాను? మోసుకొచ్చింది బోయీలు. వాళ్లని తొక్కమను!"

"మోసినవాళ్లతో నాకు పనిలేదు బాబూ" అంది సోములమ్మ నెమ్మదిగా. "పల్లకీ ఎవరిది?"

దొర మట్టిగుంటని చూశాడు, తన జరీ చెప్పుల్ని చూసుకున్నాడు. పొద్దుగూకేలోగా ఎడ్లు ఇంటికి చేరాయి. మరుసటి సంతకి గడ్డివాము వెనక చెక్క లేదు.