ఈరక్క అరచెయ్యి

అనగా అనగా, కొండకు కారు కొత్త, కారుకు కొండ కొత్త అయిన రోజుల్లో, పులిమడుగు కనుమ మీద ఈరక్క అని ఒకామె ఉండేది. ఆమెకున్నవి మూడే. ఒక మేకల మంద, ఒక కర్ర, సుంకమ్మ అనే కూతురు.

ఆ సుంకమ్మకు నొప్పులొచ్చాయి. పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. మంత్రసాని కడుపు తడిమి చూసి, "బిడ్డ అడ్డం తిరిగిండాది. ఇది నా చేతిలో లేదు. కింద ఆసుపత్రికి తీసకపోండి" అంది.

ఊరికంతా ఒకటే కారు. అది తిప్పారెడ్డిది. మనిషి ఎంత లావో మనసూ అంత పెద్దది. అడగ్గానే కారు తీయించి, తానూ ముందు సీట్లో ఎడమ పక్కన కూలబడ్డాడు. డ్రైవరు దస్తగిరి. వెనక సీట్లో ఈరక్క ఒళ్ళో తల పెట్టుకుని సుంకమ్మ. పదండి, పదండి! కారు కనుమ దిగడం మొదలెట్టింది.

కుడి పక్క కొండ, ఎడమ పక్క లోయ. కొంచెం దూరం దిగారో లేదో కారు ఎడమకు లాగింది. దస్తగిరి స్టీరింగు కుడికి తిప్పాడు. చెయ్యి కుడికి, కారు ఎడమకు! అంచున ఉన్న రాళ్ళు గలగలా లోయలోకి దొర్లాయి.

"ఆపరా! లాగేది కొండమ్మ తల్లి. కారొచ్చినప్పటి నుంచి ఆమెకు కాయ కొట్టిందే లేదు" అన్నాడు తిప్పారెడ్డి. కొబ్బరికాయ, నిమ్మకాయలు లేకుండా గడప దాటే మనిషి కాదాయన. కాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. కదిలారు.

చెయ్యి కుడికి, కారు ఎడమకు!

దస్తగిరి మళ్ళీ ఆపాడు. నసిగాడు. "అయ్యా, కోపం చేసుకోవద్దు. బరువంతా ఎడమ పక్కనే ఉండాది."

"నా కార్లోంచి నన్నే దింపుతావా?" అంటూనే ఆయన దిగాడు. పంచె ఎగ్గట్టి కారు వెనకాలే పరుగు! ఆ పరుగు చూసి, అంత నొప్పిలోనూ సుంకమ్మ నవ్విందట.

బరువు దిగింది గానీ బాధ దిగలేదు. చెయ్యి కుడికి, కారు ఎడమకు! ఈసారి చక్రం లోయ అంచుకు జానెడు దూరంలో ఆగింది.

దస్తగిరి దిగి టైర్లన్నీ చూశాడు. అన్నిట్లో గాలి సమంగానే ఉంది. తల పట్టుకున్నాడు. "ఇంక నాకు తోచడం లేదక్కా. పోతే లోయలో పడతాం. పోకుంటే..." సుంకమ్మ వైపు చూశాడు.

"అమ్మా, నేను బతుకుతానా?" అంది సుంకమ్మ.

ఈరక్క గుండె చెరువైంది. కూతురి తల మెల్లగా సీటు మీదికి దించి కారు దిగింది. "దస్తగిరీ, నడిచే మేక ఒక పక్కకు ఒరిగితే నేనేం చేస్తాను? నాలుగు కాళ్ళూ తడుముతాను. ఏ కాలు కాలుతాంటే ఆ కాల్లోనే ముల్లు. నీ కారుకూ కాళ్ళు నాలుగే కదా!"

వెనక కుడి చక్రం మధ్యలో చెయ్యి పెట్టింది. గోరువెచ్చన. వెనక ఎడమది, గోరువెచ్చన. ముందు కుడిది, అదీ గోరువెచ్చనే. ముందు ఎడమ చక్రం మీద పెట్టిందో లేదో, చుర్రుమంది!

"అబ్బా! ఈడుంది నాయనా ముల్లు! ఈ కాల్లోనే ఉంది!"

దస్తగిరి ఒక్క ఎగురు ఎగిరాడు. "బ్రేకు, అక్కా! మూడు చక్రాలు వదిలినా ఇదొక్కటే పట్టు వదలడం లేదు. అందుకే ఈ పక్కకు లాగుతాంది!"

ఈరక్క నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. "పోయొద్దు! కాలిన ఇనుము పగులుతాది" అని అతను ఆపాడు. అప్పటికి రొప్పుతూ వచ్చిన తిప్పారెడ్డి తువ్వాలుతో చక్రానికి విసరడం మొదలెట్టాడు. వేడి తగ్గాక చక్రం ఊడదీస్తే ఏముంది! బ్రేకును వెనక్కి లాగే స్ప్రింగు ఊడి వేలాడుతోంది. దస్తగిరి దాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. చక్రం బిగించాడు. అందరూ ఎక్కారు.

చెయ్యి నేరుగా, కారు నేరుగా! మలుపు మీద మలుపు దిగి ఆసుపత్రి ముందు ఆగారు. పొద్దు గుంకకముందే ఆడపిల్ల కెవ్వుమంది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. ఈరక్క కాలిన చేత్తోనే మనవరాలిని ఎత్తుకుంది. మంట తెలిస్తే ఒట్టు!

ఆ కాలిన మచ్చ ఆమె అరచేతిలో చివరిదాకా ఉంది. పండు ముసలి అయ్యాక ఈరక్క పోయింది. మచ్చ మనిషితోనే పోయింది గానీ, మాట పోలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరైనా కష్టానికి కారణం వెతక్కుండా దేవుణ్ణో, పక్కవాణ్ణో తిడితే, "ముందు ఈరక్క చెయ్యి పెట్టి చూడు" అంటారు.

కనుమ దిగే బండ్లు ఇప్పటికీ మొదటి మలుపు దాటాక ఆగుతాయి. డ్రైవర్లు దిగి నాలుగు చక్రాలనూ తడిమి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో మొక్కు అనుకుని, "ఏ దేవతకయ్యా?" అని అడుగుతారు.

"దేవత కాదు సార్, మా ఈరక్క" అని చెప్పి బండి ఎక్కుతారు. కథ కనుమ దిగింది. మీరు దిగేటప్పుడు చక్రాలు తడమడం మరిచిపోకండి.