గంట మోగని పూట

సదానందానికి ఆ గంట అంటే నామోషీ.

అయిలాచారి గారి ఇత్తడి పనిశాలలో యాసిడ్ జాడీ మెడకు ఎద్దుకు కట్టినట్టు చిన్న గంట కట్టి ఉండేది. జాడీ కదిలితే గంట మోగాలి, మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి. కొత్తవాళ్ళకైతే సరే, చెయ్యి తిరిగిన తనకు కూడా ఈ గంట గోలేమిటని సదానందం గొణుక్కునేవాడు.

ఆ పొద్దున ఒక దీపపు సెమ్మె మీద మరక పోగొట్టాలి. కాస్త పనికి అందరినీ ఆపడమెందుకని, గంట నాలుకను వేళ్ళతో నొక్కిపట్టి, జాడీ వంచి, ఖాళీ షర్బత్ సీసాలోకి కొంచెం యాసిడ్ వంపుకున్నాడు. మరక పోయాక, మిగిలిన యాసిడ్‌తోనే సీసాను కిటికీలో పెట్టాడు.

"ఇయ్యాల గంట మోగలేదేంది?" అడిగారు గురువు అయిలాచారి.

"చిన్న పనే గురువుగారూ. జరంత సీసల పోసుకున్న. ఏ సీసల ఏమున్నదో నాకెరుకే గద."

గురువు ఊఁ అని ఊరుకున్నారు. ఆయన ఊరుకున్నప్పుడే భయపడాలని సదానందానికి తెలుసు. అయినా పనిలో పడిపోయాడు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని వచ్చి చూస్తే కిటికీలో సీసా లేదు.

బల్ల కింద చూశాడు, బొగ్గుల మూల చూశాడు. పిచ్చివాడిలా వసారాలోకి పరిగెత్తాడు.

గురువు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. పక్కన షర్బత్ సీసా ఖాళీగా ఉంది. ఆయన చేతిలో గ్లాసు నిండుగా ఉంది. వయసు మీద పడి ఆయనకు చూపు సరిగా ఆనదు.

"మస్తు దూపయితున్నది" అంటూ ఆయన దాహంతో గ్లాసు పెదాల దాకా ఎత్తారు.

సదానందం ఒక్క ఉరుకున వెళ్ళి గ్లాసును కొట్టేశాడు. అది అతని ముంజేతి నిండా చిమ్మింది. చేతిని నీళ్ళ తొట్టిలో ముంచి, కళ్ళు మూసుకుని, మంట కోసం ఎదురుచూశాడు.

మంట రాలేదు.

"నీళ్ళే" అన్నారు గురువు. "ఇది ఇంట్ల సీస. నీది తీసి తాళమేసి పెట్టిన."

సదానందం అక్కడే కూలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది, ఏడుపూ వచ్చింది. కళ్ళు తుడుచుకుని గురువు వైపు చూశాడు.

"అండ్ల ఏమున్నదో నాకెరుక గురువుగారూ. ఎరుకుండే ఉరికొచ్చిన."

గురువు దొర్లిపోయిన గ్లాసును తీసి నిలబెట్టారు.

"నీకెరుకే సదానందం. దూపకెరుకనా?"