నాంచారమ్మ ఉత్తుత్తి విందు

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరికన్నా కాస్త పెద్దదేలే, ఒక రాజుండేవాడు. ఆయనింట ఏ శుభకార్యమైనా పెత్తనమంతా శోభనాద్రిది. మనిషి మంచివాడే, హంగు జాస్తి. కిందటి పండక్కి పందిరి బ్రహ్మాండంగా వేశాడు, అన్నం మాత్రం చుట్టాలు వెళ్ళిపోయాక ఉడికింది. రాజుకు తల కొట్టేసినట్టయింది. ఈసారి మా అమ్మాయి పెళ్ళిలో ఒక్కరు పస్తు వెళ్ళినా నువ్వు ఊరొదిలి పోవాలన్నాడు.

ఊ కొడుతున్నారా? ఏరా చిన్నాడా, కళ్ళు మూసుకుని కొట్టకు.

శోభనాద్రి మళ్ళీ పందిరితోనే మొదలెట్టాడు. గుంజలకు అరటిచెట్లు, అరటిచెట్లకు పూలదండలు, దండల మధ్య అద్దాలు. పెళ్ళి రేపనగా కోడలు నాంచారమ్మ వచ్చి చూసింది. ఉత్త విస్తరి ఒకటి వేసి, మామయ్యగారూ, మీరే మగపెళ్ళివారనుకుని కూర్చోండి అంది. ఆయన మీసం దువ్వి కూర్చున్నాడు.

కూర్చున్నాడు, కూర్చున్నాడు, కూర్చున్నాడు. ఆకలేసింది.

"అన్నమేదే అమ్మాయ్?"

"ఉడకలేదండీ."

"ఎందుకుడకలేదు?"

"ఎసట్లోకి నీళ్ళు రాలేదు."

"నీళ్ళెందుకు రాలేదు?"

"నీళ్ళబండి రాలేదు."

"బండికేం మాయరోగం?"

"వంటపాకకు దారేదండీ? మీ అద్దాల గుంజలు అడ్డమున్నాయిగా!"

వసారాలోంచి నాంచారమ్మ అత్తగారు, "మగపెళ్ళివారు అలిగారే, బతిమాలు!" అని ఒకటే నవ్వు.

శోభనాద్రి నవ్వలేదు. ఆ పందిరంటే ఆయనకు ప్రాణం మరి. కాసేపు గుంజల వంక చూశాడు, కోడలి వంక చూశాడు. లేచి పంచె ఎగ్గట్టి, గుంజలు తనే పీకాడు. ఇక ఇద్దరూ విస్తరి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచారు. వడ్డించేవాళ్ళు ఎటు రావాలి, గుండిగ ఎక్కడ దించాలి, బండి ఎటు తిరగాలి, అలా బావి దాకా.

మర్నాడు పెళ్ళి. పందిరి చిన్నదే. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు, తిన్నారు, తాంబూలం వేసుకున్నారు. రాజు శోభనాద్రి భుజం తట్టి, నువ్వెక్కడికీ పోవద్దయ్యా అన్నాడు. ఆ మాట మా కోడలితో అనండి ప్రభూ, అన్నాడాయన.

కోడలేదని వెతికితే, చుట్టాల బంతిలోనే తీరిగ్గా పెరుగన్నం కలుపుకుంటోంది. పని చేసేవాళ్ళ విస్తళ్ళు కూడా ముందే లెక్కేసుకోవద్దూ, అందట!

అందుకేరా నాన్నా, నలుగుర్ని పిలిచే ముందు వాళ్ళ ఆకలి తలుచుకోవాలి, అలంకారం తర్వాత. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లోకి దూరండి.