పచ్చని ఆకులో వెండి పోగులు

అనగనగా కొండ కింద ఓ ఊరుండేదిరా చిట్టితల్లీ. ఆ ఊళ్ళో గవిరి అని ఓ కోడలు. ఊరంతా కిత్తనార ఆకుల్లోంచి నార తీసి తాళ్ళు పేనుకుని బతికేవాళ్ళు. ఆ ఆకులు కత్తుల్లా నీ అంత పొడుగు, కొసన ముల్లు. మోపులు కట్టి వాగులో ముంచేవాళ్ళు. అవి కుళ్ళాక ఉతికి నార తీసేవాళ్ళు.

ఒక ఏడు వానల్లేవు. వాగు సన్నబడింది. కుళ్ళంతా అక్కడే నిలిచిపోయి నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు చచ్చి తేలాయి. ఒకనాడు గవిరి ఆవు ఆ నీళ్ళను వాసన చూసి, తాగకుండానే వెనక్కి తిరిగింది. గవిరి ఆవుకేసి, వాగుకేసి చూసింది. పశువే తాగని నీళ్ళు పసిపిల్లలు ఎలా తాగుతారు?

"అత్తా, ఇంక వాగులో ఆకు ముంచొద్దు" అంది.

"ముంచకపోతే నారెలా వస్తుందే? ఏం తిని బతుకుతాం?" అంది అత్త పోలమ్మ.

అప్పుడు గవిరి ఆకును బండమీద పెట్టి రాయితో దంచింది. నార ముక్కలైపోయింది. ఆ తర్వాత కత్తితో గీకింది. పోగులు తెగిపోయాయి. ఆకు పసరు తగిలి చేతులు దురదెక్కి పొంగాయి. కూలబడి ఏడ్చింది.

పోలమ్మ వచ్చి కోడలి చేతులకు ఆముదం రాసింది. తెగిన పోగులు చూసి, వంటింట్లోంచి పాత అట్లకాడ తెచ్చిచ్చింది.

"కత్తికి పదునెక్కువే. దీంతో చూడు."

గవిరి ఆకును చెక్క పలకమీద పరిచి, అట్లకాడ అదిమిపెట్టి లాగింది. పచ్చని గుజ్జు సర్రున జారిపోయింది. దాని కింద ఏముందనుకున్నావ్? వెండే! ఆ కొస నుంచి ఈ కొస దాకా తళతళా మెరిసే పోగులు. పోలమ్మ బుగ్గన చెయ్యేసుకుని అలాగే నిలబడిపోయింది.

ఊరంతా వచ్చింది. ఆ నారతో పేనిన తాడును ఒకరు లాగారు. ఇద్దరు లాగారు. చెరోవైపు పదిమంది చేరి లాగారు. తెగితే ఒట్టు!

ఆ తర్వాత అందరూ అలాగే గీకారు. గుజ్జు గోతిలో వేస్తే చేనుకు ఎరువైంది. కాసిని నీళ్ళతో నార కడిగి దండేలమీద ఆరేశారు. వానలొచ్చి వాగు తేటపడింది.

ఓ సాయంత్రం గాలి వీచింది. ఇంటింటి ముందూ నార అలలు అలలుగా లేచింది. పోలమ్మ ఆ తెల్లదనం మధ్య చేతులు చాపి నడిచింది.

"ఇదంతా ఆకులోదేనటే!" అంది చిన్నపిల్లలా.

గవిరి అత్త చెయ్యి పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా చిట్టితల్లికి కునుకు పట్టింది.