అరచేతంత చిల్లు

గుణమతికి ఆ సాయంత్రం ఒకటే బాధ. ఇంత పెద్ద గెలుపు గెలిచి కొండెక్కి వస్తే, అవ్వ నోట ఒక్క మెచ్చుకోలు రాలేదు.

అవ్వ అంటే దేమవ్వ. నల్లగుట్ట మీది జైన సన్యాసినుల మఠానికి పెద్ద. తెల్ల చీర, చేతిలో నెమలి పింఛం, నోట్లో నాలుగు పళ్లు. కింద చీమ ఉంటుందేమోనని పింఛంతో తుడిచి గాని ఎక్కడా కూర్చోదు.

గుణమతి ఇంకా దీక్ష తీసుకోలేదు. మఠానికి నీళ్లు తోడి వడకట్టడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు వంక పెట్టే మొనగాళ్లు లేరు. గుడ్డను రెండు మడతలు వేసి కడవ మూతికి బిగించి కడుతుంది. నీళ్లు వడిశాక, గుడ్డ మీద మిగిలిన కంటికానని పురుగుల్ని వడకట్టిన నీళ్లతోనే ఒక చెంబులోకి జారుస్తుంది. ఆ చెంబును తాడుతో బావిలోకి దించి, అది నీటిని తాకాకే ఒంచుతుంది. పైనుంచి గుమ్మరిస్తే వాటికి దెబ్బ తగలదూ! ఒకసారి ఎవరో భక్తురాలు తొందరపడి అలా గుమ్మరిస్తే, "నిన్ను ఈ కొండ మీంచి తోస్తే ఎలా ఉంటుంది పిన్నీ?" అని నిలదీసిన పిల్ల.

నోరు అంతకంటే పదును. బాచరాజు సభలో మూడు రోజులు వాదించింది. చేప ప్రాణమూ మనిషి ప్రాణమూ ఒకటేనని పండితుల నోళ్లన్నీ మూయించింది. రాజు మెచ్చి, అష్టమి, చతుర్దశి నాడు పెద్దచెరువులో ఎవరూ వల వేయకూడదని శాసనం చెక్కించాడు. చెరువు గట్టున నిలువెత్తు రాయి. దాని మీద 'గుణమతి విన్నపం మన్నించి' అని ఒక వరస. ఎవరూ లేనప్పుడు ఆ వరసను వేలితో తడిమి చూసుకుంది కూడా.

"ఈవేళ సభలో ఏం జరిగిందో తెలుసా అవ్వా? మన శాసనానికి కోరలొచ్చాయి!"

"కోరలా?" అంది అవ్వ. "నాకున్నవే ఊడిపోతున్నాయి. చెప్పు."

"పోలయ్య అని ఒకడు, చేపలు పట్టేవాడు. ఇవాళ చతుర్దశి అని తెలిసీ పొద్దున్నే వల వేసి దొరికిపోయాడు. గంపలో ఏడు చేపలు. రాజుగారు నన్ను పిలిపించి నిండు సభలో అడిగారు. 'చేప ప్రాణం, మనిషి ప్రాణం ఒకటే అన్నావు కదమ్మా. అయితే ప్రాణానికి ప్రాణం. వీడు ఏడు తీశాడు, నేను దయతలచి ఒక్కటే తీస్తాను. తర్కంలో ఏమైనా లోపముందా?' అని."

"నువ్వేమన్నావు?"

"ఉంటే కదా అనడానికి! లేదన్నాను. సభంతా భళీ అంది అవ్వా."

"ఎప్పుడు?"

"ఏమిటి ఎప్పుడు?"

"తీసేది."

"రేపు పొద్దు నడినెత్తికి వచ్చాక. చెరువు గట్టున, ఆ రాయి దగ్గరే."

అవ్వ పింఛంతో చాప తుడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ముసలితనం, ఒకరి గెలుపు చూస్తే ఓర్వదు అనుకుంది గుణమతి.

తెల్లవారింది. గుణమతి బావి దగ్గర చేద వేయబోతుంటే అవ్వ వచ్చింది. ఎన్నడూ రానిది. ఉతికి ఆరేసిన వడకట్టు గుడ్డను అందుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"మంచి నేత" అంది.

అని, గుడ్డ నడిమధ్యను బావి గట్టు రాతి మొనకు తగిలించి ఒక్క గుంజు గుంజింది.

పర్రుమంది.

చీమకు కూడా దారిచ్చి నడిచే అవ్వ! గడ్డిపోచ తెంపని చేతులు!

"అవ్వా! ఏం పని అది?"

"కడవకు కట్టు" అంది అవ్వ గుడ్డ అందిస్తూ. "నీళ్లు పొయ్యి. పొద్దెక్కుతోంది."

"ఇందులోంచా?"

"ఊఁ."

"అరచేతంత చిల్లు అవ్వా ఇది!"

"చుట్టూ మూరెడు గుడ్డ ఉంది కదే. అది చూడవేం?"

"చుట్టూ ఎంతుంటే ఎవరికి కావాలి?" గుణమతి గొంతు లేచింది. "ఒక్క పోగు జరిగినా గుడ్డ మార్చమన్నది నువ్వు కాదూ? చిల్లంటూ పడ్డాక పోయే ప్రాణాలన్నీ అందులోంచే పోతాయి. ఇది వడకట్టు గుడ్డేనా ఇంక? వట్టి పేలిక! దీన్ని కట్టి నీళ్లు పోసి, నేను ప్రాణాలు కాపాడుతున్నానని చెప్పుకుంటే జనం నవ్వరూ?"

మఠమంతా వినబడింది. గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. వాదం బాగుంది. వేలు పెట్టడానికి సందు లేదు.

అవ్వ సరేనన్నట్టు తల ఊపింది. వెళ్లబోతూ ఆగి, "ఆ పోలయ్యకు పిల్లలున్నారా?" అని అడిగింది.

గుణమతికి అది తెలియదు. గంపలో చేపలు ఏడని తెలుసు. అవి జెల్లలని కూడా తెలుసు. పోలయ్య మొహం గుర్తు చేసుకోబోయింది. రాలేదు. వెనక్కి విరిచి కట్టిన రెండు చేతులు మాత్రం కళ్ల ముందు నిలిచాయి. తాడు కింద చర్మం లేచిపోయి ఉంది. నిన్న ఆ చేతుల పక్కనే నిలబడి ఆమె భళీలు వింది.

చేదను బావి గట్టు మీదే వదిలేసింది. గుణమతి వెనక్కి చూడలేదు. గుడ్డ పట్టుకునే కొండ దిగింది. దారిలో చీమలున్నాయో లేదో మొదటిసారి చూసుకోలేదు.

చెరువు గట్టున జనం. డప్పు మోగుతోంది. గొడుగు నీడలో బాచరాజు. పోలయ్య మోకాళ్ల మీద ఉన్నాడు. తలారి శాసనం రాతి మీద నీళ్లు చల్లి, ఆ అంచుకే కత్తి నూరుకుంటున్నాడు. ఆ నీళ్లు గుణమతి పేరున్న వరస మీంచి కిందికి కారుతున్నాయి.

గుణమతి జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"రా తల్లీ!" అన్నాడు రాజు. "నీ మాట ఎలా నిలబెడుతున్నానో చూద్దువుగాని."

"విడిచిపెట్టండి ప్రభూ."

డప్పు ఆగింది.

"నిన్న లోపం లేదన్నావే?"

"తర్కంలో వెతికాను ప్రభూ. అక్కడ లేదు, ఇక్కడుంది."

చేతిలో గుడ్డ ఎత్తి చూపింది. చిల్లులోంచి రాజుకు పోలయ్య కనిపించాడు.

రాజుకు అర్థమైందో లేదో గాని కోపం వచ్చింది. "వీణ్ణి వదిలితే రేపు నా శాసనాన్ని ఎవడు లెక్కచేస్తాడు? లెక్కలేని శాసనానికి రాయెందుకు? వాడు కావాలా, రాయి కావాలా? రెండూ ఇవ్వను. నువ్వే చెప్పు."

ఎన్ని వేల చేపలు! ఎన్ని తరాల పాటు! ఒక్క మనిషికి బదులు. ఆ వాదం కూడా ఆమె నాలుక చివరే ఉంది. నిన్నటి గుణమతి అయితే చక్కగా చెప్పేది.

"బద్దలు కొట్టించండి" అంది.

రాజుకు వినబడేలా మళ్లీ అంది.

ఆ రాయి చెక్కిన శిల్పినే పిలిపించారు. అతను సమ్మెట ఎత్తాడు. మూడో దెబ్బకు ఆమె పేరున్న వరస ఊడి చెరువులో పడింది.

కట్లు విప్పాక పోలయ్య లేచి ఆమె దగ్గరకు వచ్చాడు. అతని వెనక ముగ్గురు పిల్లలు.

"అమ్మా, ఇవాళ పున్నమే కదా. చతుర్దశి నిన్ననే అయిపోయింది. మరి... ఇవాళ వల వేసుకోవచ్చా?"

మూడు రోజులు సభను ఆడించిన గుణమతి చిరిగిన గుడ్డ మడిచి పట్టుకుని కొండదారి పట్టింది.

ఆమె కొండెక్కేసరికి పొద్దు ఇంకా ఉంది. అవ్వ గడప దగ్గర సూది, దారం, చిన్న గుడ్డముక్క ముందు పెట్టుకుని కూర్చుంది. మఠంలో పొద్దుటినుంచీ ఎవరూ నీళ్లు ముట్టలేదు.

గుణమతి చేతిలో చిరిగిన గుడ్డ తీసుకుని అవ్వ మాసిక వేయడం మొదలుపెట్టింది.

"రాయి?"

"పోయిందవ్వా."

"మనిషి?"

"ఇంటికెళ్లాడు. పిల్లలు ముగ్గురు." గుణమతి అవ్వ పక్కన కూర్చుంది. "ఇవాళ వల వేసుకోవచ్చా అని నన్నే అడిగాడు."

అవ్వ నాలుగు పళ్లూ కనబడేలా నవ్వింది. "ఏం చెప్పావు?"

"ఏమీ తోచలేదవ్వా."

అవ్వ ముడి వేసి దారం తెంపింది. గుడ్డ ఆమె చేతిలో పెట్టింది.

"నీళ్లు తోడు" అంది. "దాహంగా ఉంది."

గుణమతి బావి దగ్గరకు వెళ్లింది. కడవ మూతికి కట్టబోతూ ఆగి, గుడ్డను వెలుతురుకు పట్టింది. మాసిక చుట్టూ ఒక్కొక్క కుట్టూ చూసింది. అంతా అయ్యాక, మళ్లీ మొదటినుంచి చూసింది.